మంత్రాలయం దాకా వెళ్ళి ఆదోని చూడకుండా వచ్చేస్తారా?

మొన్న లంచ్ టైములో మా టీము కుర్రాడొకడు స్పెయిన్ ట్రిప్పు ఫోటోలు చూపించాడు. మధ్యధరా సముద్రం ఒడ్డున మాలగా అనే ఊరు, కొండ మీద 11వ శతాబ్దపు కోట. టికెట్టు కొనుక్కుని మరీ ఎక్కాడట. 1487లో ఆ ఊరి ముట్టడి ఎలా జరిగిందో కూడా చెప్పాడు. "ఆదోనిలోనూ ఇలాంటి కోట ఉంది" అన్నాను. "ఆదోనా? పత్తి మార్కెట్టు తప్ప అక్కడేముంది?" అన్నాడు. వీడు ఏడాదికోసారి మంత్రాలయం వెళ్ళొస్తాడు!

సరే, ఆ మంత్రాలయం నుంచే మొదలెడదాం. దాని అసలు పేరు మంచాల. ఆ ఊరిని రాఘవేంద్రస్వామికి ఇచ్చింది ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ అని చెప్తారు. స్వామి 1671లో అక్కడే బృందావన ప్రవేశం చేశారు. మసూద్ ఖాన్ ఎవరంటే, ఆఫ్రికాలోని అబిసీనియా మూలాలున్న మనిషి, బిజాపూరు సుల్తానుల తరఫున ఆదోనిని ఏలినవాడు. ఆదోనిలో షాహీ జామియా మసీదు కట్టించింది కూడా ఈయనే.

ఆదోని కోట అంతకుముందు విజయనగర రాజులది. 1565 యుద్ధంలో వాళ్ళు ఓడిపోయాక కొన్నేళ్ళకి బిజాపూరు చేతికొచ్చింది. 1688లో ఔరంగజేబు సైన్యం వచ్చి కోటని చుట్టుముట్టింది. మసూద్ ఖాన్ లొంగలేదు. చివరికి వాళ్ళు ఫిరంగులు మసీదు వైపు తిప్పారట. తను కట్టించిన మసీదు కళ్ళముందు కూలిపోవడం చూడలేక ఆయన కోట వదులుకున్నాడని అక్కడ చెప్పుకునే కథ.

తర్వాత నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ ఆదోనిని జాగీరుగా ఏలాడు. 1786లో టిప్పు సుల్తాన్ ముట్టడించి పట్టుకుని, కోట గోడలు పడగొట్టించాడు. 1800లో నిజాం ఈ సీమనంతా ఇంగ్లీషు వాళ్ళకి రాసిచ్చేశాడు. లెక్కేసుకోండి, మసూద్ ఖాన్ మొండిపట్టు పట్టి ఉంటే మసీదు పోయేది, కోట ఎలాగూ 98 ఏళ్ళకి పోయేదే. ఇప్పుడు కొండ మీద మిగిలినవి శిథిలాలు. మసీదులో మాత్రం ఇవాళ్టికీ నమాజు జరుగుతోంది.

అందుకే నా మాట, ఈసారి మంత్రాలయానికి ఒక రోజు ఎక్కువ పెట్టుకోండి. పొద్దున్నే ఎండ ముదరకముందే ఆదోని రణమండల కొండెక్కి ఆంజనేయస్వామిని చూసి, కోట గోడల దాకా వెళ్ళండి. మంచినీళ్ళు మర్చిపోకండి. దిగొచ్చి మసీదు చూడండి. దారిలో ఎమ్మిగనూరులో ఆగండి. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టింది ఆ ఊళ్ళోనే. సంక్రాంతి రోజులైతే నీలకంఠేశ్వరస్వామి జాతర కూడా చూడొచ్చు.

మాలగా వెళ్ళొద్దనను, వీసా వస్తే నేనూ వెళ్తా. కాకపోతే అక్కడ కోటని బాగుచేసి టికెట్టు పెట్టారంటే చూసేవాళ్ళున్నారనే కదా. ఆదోని కొండ మీద మిగిలిన ఆ నాలుగు రాళ్ళు కూడా పోకముందే, మన వాళ్ళు కూడా నలుగురు వెళ్తే బావుణ్ణు.