రెక్కాడే దాకా

ఉదయం ఏడు గంటలు. మాదాపూర్‌లో ఓ భవనం రెండో అంతస్తు. కిటికీ అవతల, స్తంభాల మీద, రాయదుర్గం వెళ్లే మెట్రో పోతోంది. తలుపుల దగ్గర నిలబడ్డవాళ్లు పైన వేలాడే పట్టీలు పట్టుకుని ఊగుతున్నారు. ఆ ఎత్తిన చేతుల్నే చూస్తున్నాను.

నా కుడి చెయ్యి గోడ మీద ఉంది. గోడకు బిగించిన కర్ర నిచ్చెన మీద గాళ్లు, గాడికో అంకె. చూపుడు వేలు, మధ్య వేలు ఒకదాని వెనక ఒకటి పాకుతున్నాయి. పదకొండు. పన్నెండు. నిన్న ఇక్కడే ఆగాను. పదమూడుకి వేలు తగిలీ తగలకముందే భుజం లోపల తాడు బిగిసినట్టయి, మెడ పక్కకి ఒరిగిపోయింది.

“భుజం చెవి దాకా వచ్చేసింది సర్. గాడి కోసం ఒళ్లు వంచకండి. ఒకటి దిగండి.”

ఫిజియో మేడమ్ వెనక నిలబడి, వీపు మీది రెక్క ఎముకను రెండు వేళ్లతో కిందికి నొక్కి పట్టారు. చెయ్యి తల పైకి పూర్తిగా, 180 డిగ్రీలు లేస్తే, అందులో సుమారు మూడో వంతు ఈ రెక్క ఎముక తిరగడం వల్లే వస్తుంది. పదేళ్లు ల్యాప్‌టాప్ మీద వంగి కూర్చున్న నా వీపులో అది తిరగడమే మరిచిపోయింది.

జులై వానలో బండి జారింది. చెయ్యి చాచి పడ్డాను. భుజం కీలును చుట్టి పట్టుకునే నాలుగు కండరాల్లో పైదాని టెండన్ ఎముక నుంచి ఊడింది. కీహోల్ ఆపరేషన్ చేసి, ఎముకలో చిన్న యాంకర్లు దింపి, దారాలతో కట్టారు. ఆరు వారాలు స్లింగ్. మొదటి మూడు రోజులు అమ్మ ముద్దలు కలిపి పెట్టింది. తర్వాత ఎడం చేత్తో స్పూను. పప్పన్నం స్పూనుతో తింటే కడుపు నిండుతుంది కానీ తిన్నట్టు ఉండదు.

ఇప్పుడు తొమ్మిదో వారం.

పక్కన ఒకాయన ఎడం చేత్తో బల్ల పట్టుకుని ముందుకు వంగి ఉన్నాడు. కుడి చెయ్యి కిందికి వేలాడుతోంది. గోళ్ల చుట్టూ ఇంకా తెల్ల రంగు. పాలమూరు మనిషి, పెయింటర్. కోకాపేట వైపు టవర్లలో సీలింగులకు రోలర్ ఎత్తీ ఎత్తీ అరిగిన టెండన్ ఒక రోజు తెగింది. ఆయనది ఐదో వారం.

“అన్నా, చెయ్యి ఊపొద్దు. నడుం ఊపు. చెయ్యి దానంతట అదే ఊగాలె.”

ఈ లోలకం వ్యాయామానికి బోస్టన్ సర్జన్ కోడ్‌మన్ పేరుంది. 1934లో ఆయన భుజం మీదే ఒక పుస్తకం రాశాడు. ఇంత సులువుగా కనిపించేది ఎంత కష్టమో నాకు తెలుసు. చేతిని వదిలెయ్యాలి. పని చేసిన చెయ్యి వదలమంటే వదలదు.

“దసరాకు బ్రష్ పడ్తనా మేడం?”

“లేదన్నా.”

“సంక్రాంతికి?”

“నడుం ఎత్తు దాకా చిన్న పనులు. నెత్తి మీదికి రోలర్ అంటే శివరాత్రి పోయినాక. అది గూడ డాక్టర్ చూసి చెప్తేనే.”

ఆయన ఊగడం ఆగిపోయింది. “నొప్పి లేదు గద మేడం ఇప్పుడు?”

అసలు ప్రమాదం అక్కడే ఉంది. నొప్పి ముందు పోతుంది, అతుకు తర్వాత గట్టిపడుతుంది. కుట్టిన టెండన్ ఎముకలోకి పెరిగి బరువు మోసే స్థితికి రావడానికి దాదాపు 12 వారాలు పడుతుంది. అప్పటిదాకా మోస్తున్నవి దారాలే. తొందరపడి బకెట్టు ఎత్తితే తెగొచ్చు.

“రెక్కాడితేనే గద సార్ డొక్కాడేది,” అన్నాడు నా వైపు తిరిగి.

చిన్నప్పటి నుంచి విన్న మాటే. ఇంత అక్షరాలా ఎప్పుడూ వినలేదు. నాకు కంపెనీ బీమా ఉంది, ఇంటి నుంచి పని ఉంది, ఒకటో తారీఖున జీతం పడింది. ఆయన ఆపరేషన్ ఖర్చు కాంట్రాక్టర్ పెట్టుకున్నాడట. కూలి మాత్రం ఐదు వారాలుగా లేదు. ఆటో డబ్బులు మిగులుతాయని కొండాపూర్ నుంచి నడిచొస్తున్నాడు. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి ఈ దారిలో ఎన్ని గదుల కప్పులకు రంగులు పడ్డాయో. ప్రతి కప్పు కిందా ఇలాంటి చెయ్యి ఒకటి గంటల తరబడి లేచే ఉండాలి. నేను కూర్చునే అంతస్తుకు రంగు వేసినవాళ్ల గురించి ఈ రోజు దాకా ఆలోచించలేదు. సిగ్గేసింది.

మేడమ్ కోణం కొలిచే గోనియోమీటర్ తెచ్చి నా భుజానికి ఆనించారు. “115. పోయిన వారం 100.” పుస్తకంలో రాసుకున్నారు. ఐస్ ప్యాక్ పెట్టారు. పదిహేను నిమిషాలు.

నేను లేచేసరికి ఆయన స్లింగ్‌తో తంటాలు పడుతున్నాడు. పట్టీ బకిల్ మెడ వెనక ఉంది, ఒక్క చెయ్యికి అందదు. దగ్గరికి వెళ్లాను. ఎడం చెయ్యి ముందు వెళ్లింది. కుడిది నెమ్మదిగా, మోచెయ్యి మడిచి, ఆయన భుజం దాకా, ఆ పైన మెడ దాకా.

“భుజం కిందికి సర్,” వెనక నుంచి మేడమ్.

దించాను. వేళ్లు వణుకుతున్నాయి. బకిల్ రెండో ప్రయత్నానికి టక్కుమంది.

“ఇది ఇంకొక్క వారమే గద?”

“వారమే అన్నా.”

ఇద్దరం ఎడం చేత్తో రెయిలింగ్ పట్టుకుని మెట్లు దిగుతున్నాం.