హెచ్‌ఐవీ చికిత్స, పసిపిల్లల మెదడు ఎదుగుదల: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం

తల్లి నుంచి హెచ్‌ఐవీ సోకిన బిడ్డ మెదడు ఎలా ఎదుగుతుందన్నది, మందులు ఎన్ని వారాల వయసులో మొదలయ్యాయన్న దానిమీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. వైరస్ ఒంట్లో చేరిన తొలి రోజుల్లోనే తెల్లరక్తకణాల వెంట మెదడుకు చేరి, మైక్రోగ్లియా అనే రక్షక కణాల్లో తిష్ఠ వేస్తుంది. వాటి నుంచి వెలువడే రసాయనాలు పక్కనున్న నాడీకణాలను దెబ్బతీస్తాయి. మెడ నిలిపిన బిడ్డ మళ్లీ వాల్చేయడం, కూర్చునే పిల్ల కూర్చోలేకపోవడం, తల చుట్టుకొలత పెరగకపోవడం, కాళ్లు బిగుసుకుపోవడం ఎన్‌సెఫలోపతీ అనే ఈ మెదడు జబ్బు లక్షణాలు.

దక్షిణాఫ్రికాలో 12 వారాల లోపు పసికందులపై జరిగిన ‘చెర్’ పరిశోధన ఫలితాలు 2008లో వెలువడ్డాయి. జబ్బు ముదిరేదాకా ఆగకుండా వెంటనే మందులు మొదలుపెడితే మరణాలు 76 శాతం తగ్గాయి. అందులో కేప్‌టౌన్ పిల్లల ఎదుగుదలను సుమారు 11 నెలల వయసులో పరీక్షించగా, ముందుగా చికిత్స అందినవారు కదలికల్లో మెరుగ్గా ఉన్నారు.

మన దేశంలో పిల్లలకు ఉచిత ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల చికిత్స) 2006 నవంబరు 30న మొదలైంది. తల్లి యాంటీబాడీలు బిడ్డ రక్తంలో 18 నెలల దాకా ఉండవచ్చు కాబట్టి మామూలు పరీక్షతో బిడ్డకు సోకిందో లేదో తేలదు. అందుకే ఆరు వారాలకు మడమ మీద సూదితో గుచ్చి, వచ్చిన చుక్కలను కార్డుపై అచ్చువేసిన వలయాల్లో నింపి, ఆరబెట్టి ల్యాబుకు పంపుతారు. మూడు రాష్ట్రాలు కలిసే చోటున్న కుప్పంలోను, బెంగళూరు పనులకు వలసపోయే మదనపల్లె, పుంగనూరు పల్లెల్లోను చిక్కు ఇక్కడే వస్తుంది. గర్భిణికి పరీక్ష ఒక ఊళ్లో, కాన్పు పుట్టింట్లో, ఆ తర్వాత కాపురం మరోచోట అయితే ఆరో వారం పరీక్ష తప్పిపోవచ్చు. పసిమెదడుకు ఆ ఆలస్యమే పెద్ద ముప్పు. క్షయ శానిటోరియంగా మొదలైన మదనపల్లె ఆరోగ్యవరం గుర్తుచేసే జబ్బు ఇంకొకటుంది. హెచ్‌ఐవీ ఉన్న పిల్లలకు క్షయ మెదడు పొరలకు పాకితే నష్టం మరింత పెరుగుతుంది.

మందుల వల్ల మెదడుకు హాని లేదా అన్న తల్లుల భయం న్యాయమైనదే. ఎఫావిరెంజ్ అనే మందు తల తిరుగుడు, పీడకలలు తేవచ్చు. మూడేళ్ల లోపు పిల్లలకు దాన్ని సిఫారసు చేయరు. జిడోవుడిన్‌తో రక్తహీనత రావచ్చు. ఇప్పుడు ప్రధాన మందైన డోలుటెగ్రావిర్‌ను నీళ్లలో కరిగే 10 మిల్లీగ్రాముల బిళ్లగా, నాలుగు వారాలు నిండి మూడు కిలోల బరువున్న బిడ్డకు సైతం మొదలుపెట్టవచ్చు. చెంచాడు నీళ్లలో కరిగించి పట్టిస్తే చాలు. చేదు మందు కక్కేసే బాధ తగ్గింది.

గర్భంలో మందుల ప్రభావానికి గురై, వైరస్ సోకకుండా పుట్టిన పిల్లల్లో కొందరికి మాటలు ఆలస్యమవుతాయని దక్షిణాఫ్రికా డ్రాకెన్‌స్టీన్ అధ్యయనం 2019లో చూపింది. తల్లి అనారోగ్యం, పేదరికం, మందులు కలగలిసి ఉన్నందున ఏది ఎంత కారణమో విడదీయడం కష్టం. అంతమాత్రాన తల్లి మాత్రలు మానకూడదు. చికిత్స లేకుంటే బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం; సరైన చికిత్సతో అది 5 శాతం లోపు.

ఆలస్యంగా మందులు మొదలైన పిల్లల్లోనూ కొంత కోలుకోవడం కనిపిస్తుంది. మాట, దృష్టి నిలపడం, చదువు మాత్రం వెనకబడవచ్చు. అందువల్ల బరువుతోపాటు తల చుట్టుకొలత, బోర్లాపడటం, పాకడం, తొలి మాటలు ఏ వయసులో వచ్చాయో ప్రతిసారీ రాసిపెట్టాలి. బిడ్డ హెచ్‌ఐవీ స్థితిని అనుమతి లేకుండా బయటపెట్టకుండా 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం రక్షణ ఇస్తుంది. అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది.