కంపన శక్తి గ్రాహకం

యంత్రాలు, వాహనాలు, వంతెనల అదురును విద్యుత్తుగా మార్చి, బ్యాటరీ అవసరం లేకుండా సెన్సర్లను నడిపే చిన్న పరికరం. దీని నుంచి వచ్చేది మైక్రోవాట్ల నుంచి కొద్ది మిల్లీవాట్ల దాకా. ఫోను ఛార్జింగుకు అది ఏ మూలకూ రాదు. బేరింగు ఎంత వేడెక్కిందో ఉండుండి రేడియోలో పంపడానికి మాత్రం సరిపోతుంది.

సాధారణ నిర్మాణం ఇది: సన్నని లోహపు పట్టీ ఒక కొసను బిగించి, రెండో కొసన బరువు అతికిస్తారు. పట్టీ మీది పీజోవిద్యుత్ పింగాణీ పొర వంగినప్పుడల్లా దానిలో విద్యుదావేశం పుడుతుంది. ఈ గుణాన్ని 1880లో క్యూరీ సోదరులు జాక్, పియరీ కనుగొన్నారు. మరో రకంలో తీగచుట్ట పక్కన అయస్కాంతం ఊగుతుంది.

అసలు చిక్కు అనునాదంలో ఉంది. పట్టీ సహజ పౌనఃపున్యమూ యంత్రపు అదురూ కలిస్తేనే శక్తి దండిగా వస్తుంది. 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే నాలుగు ధ్రువాల ఇండక్షన్ మోటారునే తీసుకుంటే, లోడు లేనప్పుడు అది నిమిషానికి 1500కు కాస్త తక్కువగా తిరుగుతుంది. పూర్తి లోడుతో 1440 దరిదాపులకు దిగుతుంది. అంటే అదురు 25 నుంచి 24 హెర్ట్జ్‌కు జారుతుంది. క్యూ విలువ (అనునాదం ఎంత పదునైనదో చెప్పే అంకె) 50 ఉన్న గ్రాహకం గరిష్ఠ శక్తిలో సగమైనా ఇచ్చే మేర అర హెర్ట్జే. లోడు మారితే చాలు, అది దాదాపు చేతులెత్తేస్తుంది. ప్రయోగశాలలో ఒకే పౌనఃపున్యం దగ్గర కొలిచిన గరిష్ఠ అంకెను చూసి మురిసిపోకూడదనేది ఇందుకే.

ఈ మేరను పెంచడానికి 2009లో ఇటలీలోని పెరూజా పరిశోధకులు కొట్టోనె, వొక్క, గమ్మైతోని రెండు స్థిరస్థానాల అమరికను ప్రతిపాదించారు. అయస్కాంతాల వికర్షణ వల్ల పట్టీ ఒక స్థానం నుంచి మరోదానికి దూకుతూ, విస్తృతమైన పౌనఃపున్యాల దగ్గర పనిచేస్తుంది. అదురు బలహీనమైతే దూకలేక ఒకవైపే చిక్కుకుపోతుంది. దీనికి ఇప్పటికీ తిరుగులేని మందు లేదు.

సర్క్యూట్‌లోనూ మెరుగుదల జరిగింది. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో గియోమార్ బృందం, పట్టీ పూర్తిగా వంగిన క్షణంలోనే స్విచ్ వేసి ఇండక్టర్ ద్వారా వోల్టేజీని తిరగేసే పద్ధతిని రూపొందించింది. పట్టీకీ విద్యుత్తుకూ సంధానం బలహీనంగా ఉన్న గ్రాహకాల్లో దీనివల్ల శక్తి అనేక రెట్లవుతుంది. బలమైన సంధానం ఉన్నవాటికి పెద్దగా ఒరిగేదేమీ లేదు.

పదార్థం ఎంపికలోనూ రాజీ తప్పదు. సీసపు జిర్కోనేట్ టైటనేట్ ఎక్కువ ఇస్తుంది గానీ పెళుసు, పైగా సీసం విషం. పీవీడీఎఫ్ ప్లాస్టిక్ వంగుతుంది, ఇచ్చేది తక్కువ.

అదురు త్వరణం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది కాబట్టి, ఎక్కడ బిగిస్తామన్నదీ ముఖ్యమే. బ్రిటన్‌లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం నుంచి పుట్టిన పర్పెచువమ్ సంస్థ అదురు బలంగా ఉండే రైలు చక్రాల బేరింగు పెట్టెలను ఎంచుకుంది.