నదిని తాగే ఇంజన్లు

గోదావరి మీద పడవల చరిత్ర అనగానే కాటన్ దొర, ధవళేశ్వరం, పాపికొండల లాంచీలు గుర్తొస్తాయి. ఇంజన్ వేడెక్కడం అనే చిన్న సంగతి ఎవరికీ గుర్తురాదు. నాకైతే ఆ చరిత్రంతా అందులోనే ఉందనిపిస్తుంది.

మాది ఖానాపురం హవేలి. గోదావరిని చూడాలంటే అడవి దారిన భద్రాచలం పోవాలి. ఎండాకాలంలో అక్కడ నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. అదే నది 1986 ఆగస్టులో 75.6 అడుగులకు లేచింది. ఇలాంటి నది మీద యంత్రపు పడవ నడపడం ఎలా? చరిత్రలో దీనికి రెండు జవాబులున్నాయి.

మొదటిది, నదిని మార్చడం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ చూపు ఎగువకు మళ్ళింది. బేరారు పత్తిని నది మీదుగా సముద్రానికి దింపాలన్నది ఆలోచన. అడ్డుగా మూడు చోట్ల రాతి మడుగులు, ఉరవళ్ళు: దుమ్ముగూడెం, ఇచ్ఛంపల్లి, దేవలమర్రి. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట కట్టి, పక్కన కాలువ తవ్వి, లాకులు పెట్టారు. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోవడంతో ఆశలు ఇంకా పెరిగాయి. కానీ 1867లో రైలు నాగపూర్ చేరింది. 1871లో ఎగువ గోదావరి పనులు ఆపేశారు.

రైలు గెలిచింది, నది ఓడిందని చెప్పుకుంటాం. అది నిజమే కానీ సగమే. ఆవిరి పడవకు ఏడాది పొడుగునా సరిపడా లోతు లేదు. పైగా బాయిలర్లో నది నీళ్ళే పోస్తే, ఆవిరి పోయాక బురద, లవణాలు అడుగున పేరుకుంటాయి. ఇంట్లో నీళ్ళు కాచే గిన్నెకు తెల్లగా పొర కడుతుంది చూడండి, అదే. ఆ పొర వేడిని నీళ్ళలోకి పోనివ్వదు, ఇనపరేకు మాడుతుంది.

రెండో జవాబు, పడవను మార్చడం. ఇది న్యూజిలాండ్ గొర్రెల రైతు బిల్ హామిల్టన్‌ది. అక్కడి నదులూ రాళ్ళతో, లోతులేని పాయలతో ఉంటాయి. 1950లలో ఆయన జెట్ బోటుకు పనికొచ్చే రూపం తెచ్చాడు. అడుగునుంచి నీటిని పంపుతో పీల్చి వెనక నాజిల్ గుండా చిమ్ముతుంది. కింద వేలాడే ప్రొపెల్లర్ లేదు కాబట్టి జానెడు నీళ్ళలోనూ పరిగెడుతుంది. 1977లో ఎడ్మండ్ హిల్లరీ ఇలాంటి మూడు బోట్లతోనే గంగాసాగరం నుంచి హిమాలయాల వైపు ఎదురెక్కాడు.

కానీ నది ఇక్కడా లెక్క వదల్లేదు. చాలా జెట్ బోట్లలో ఇంజన్‌ను చల్లబరిచేది కూడా ఆ పంపు నుంచి మళ్ళించిన నీరే. నదిలో ఏముంటే ఇంజన్ అదే తాగుతుంది.

అందుకే బోటు వేడెక్కితే ముందు స్పానర్ తియ్యకూడదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం కోడ్ ముట్టుకునే ముందు లాగ్ చదివినట్టు, లక్షణాలు చదవాలి. వేడితోపాటు ఇంజన్ ఊరికే అరుస్తూ బోటు మాత్రం ముందుకు పోకపోతే, నీళ్ళు పీల్చే జాలీకి గడ్డో, పాలిథిన్ సంచో అడ్డం పడి ఉండొచ్చు. వేగం బాగానే ఉండి వేడి మాత్రం ఎక్కుతుంటే పంపు మంచిదే, ఇసుక పట్టిన గొట్టాన్నీ, వడపోతనూ, తెరుచుకోని థర్మోస్టాట్‌నూ చూడాలి. నిలబడినప్పుడే వేడెక్కి, నడిస్తే తగ్గుతుంటే, నెమ్మదిగా తిరిగేటప్పుడు పంపు చాలినంత నీరు తొయ్యట్లేదన్నమాట. ఇంజన్ ఆపి చల్లారనివ్వాలి. వేడి ఇనుము మీద ఒక్కసారిగా చన్నీళ్ళు పోస్తే పగుళ్ళు రావొచ్చు.

కాటన్ నదికి లాకులు కట్టాడు, హామిల్టన్ పడవకు పంపు పెట్టాడు. బురదనూ ఇసుకనూ మాత్రం రోజూ ఎవరో ఒకరు చేత్తో తియ్యాల్సిందే. ఆ మనిషి పేరు ఏ శిలాఫలకం మీదా ఉండదు.

2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం కాలనీలను ముంచింది. వరద నీళ్ళలో గడ్డి, సంచులు, బురద కలిసే వస్తాయి. బోటు వెనక తగిలించే మామూలు మోటారు కూడా చల్లబడ్డానికి ఆ నీళ్ళే తాగుతుంది. వరద రోజుకి బోట్లు ఎన్ని ఉన్నాయని అడుగుతాం. వాటి జాలీలు ఎవరు కడుగుతున్నారని కూడా వానలకు ముందే అడగాలి.