రాతికీ నీటికీ ఓర్చే బట్ట

1895 ఆగస్టు 1న ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ కొండల మీద, గేపింగ్ గిల్ అనే నిలువు బిలంలోకి ఒక ఫ్రెంచి న్యాయవాది తాడు నిచ్చెన పట్టుకుని దిగాడు. పేరు ఎదువార్ ఆల్ఫ్రెడ్ మార్తెల్. బిలం లోతు దాదాపు వంద మీటర్లు. ఫెల్ బెక్ అనే వాగు అందులోకే జలపాతమై దూకుతుంది. 1842లో జాన్ బర్క్‌బెక్ అనే స్థానికుడు వాగును పక్కకు మళ్లించేందుకు కాలవ తవ్వించి మరీ దిగినా, నడుమ ఉన్న ఒక రాతి అరుగు దగ్గరే ఆగిపోయాడు. మార్తెల్ 23 నిమిషాల్లో అడుగుకు చేరాడు, నిలువెల్లా తడిసి. పైవాళ్లతో మాట్లాడటానికి ఆయన దగ్గర టెలిఫోన్ ఉంది. నీటిని ఆపే దుస్తులు మాత్రం లేవు.

అలాంటి గుడ్డ అప్పటికి లోకంలో లేక కాదు. రబ్బరు పూసిన గుడ్డకు చార్లెస్ మాకింటోష్ 1823లోనే పేటెంట్ తీసుకున్నాడు. కాకపోతే అది వానలో వీధిన నడిచే పెద్దమనిషి కోటు. సున్నపురాళ్ల సందుల్లో బోర్లా పడి పాకేవాడికి అది ఒక్క పూట కూడా ఆగదు.

గుహలో దిగేవాడి బట్టకు మూడు పనులున్నాయి. నీటిని ఆపాలి, రాతి ఒరిపిడికి ఓర్చాలి, ఒంటి వేడిని నిలపాలి. ఒకటి కుదిరితే ఇంకొకటి చెడుతుంది. నీరు చొరని గుడ్డ చెమటనూ బయటికి పోనివ్వదు. రాతికి చిరగని గుడ్డ మోకాలు మడవనివ్వదు. వెచ్చగా ఉండేది తడిస్తే బండ బరువవుతుంది. నూట పాతికేళ్లకు పైగా ఈ మూడింటి మధ్య నడిచిన బేరసారాలే గుహాన్వేషకుల ఓవర్‌సూట్ చరిత్ర.

ఇంత తంటా ఎందుకో అర్థం కావాలంటే గుహ లోపలి వాతావరణం తెలియాలి. బయట ఎండాకాలమైనా మంచుకాలమైనా గుహలో వేడి పెద్దగా మారదు. ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. యార్క్‌షైర్‌లో అది ఎనిమిది, తొమ్మిది డిగ్రీలు. ఆల్ప్స్ పర్వతాల్లోని లోతైన గుహల్లో నాలుగైదు డిగ్రీలే. గాలిలో తేమ నిండుగా ఉంటుంది కాబట్టి ఒకసారి తడిసిన బట్ట బయటికి వచ్చేదాకా ఆరదు.

తొలితరంవాళ్లు ఈ చలిని ఉన్ని బట్టలతోనూ మొండితనంతోనూ ఎదుర్కొన్నారు. 1922లో నార్బర్ట్ కాస్తెరె ఫ్రాన్సులోని మాంటెస్పాన్ గుహలో, కప్పు దాకా నీరు నిండిన సొరంగం ఎదురైతే బట్టలు విప్పేసి, కొవ్వొత్తి పట్టుకుని ఒంటరిగా మునిగి అవతలికి తేలాడు. మరుసటి ఏడు మళ్లీ వెళ్లినప్పుడు అక్కడ చరిత్రపూర్వ మానవులు మట్టితో చేసిన తలలేని ఎలుగుబంటి బొమ్మ దొరికింది. తడి బట్టలకంటే ఒట్టి ఒళ్లే నయమనిపించే రోజులవి.

తర్వాత వచ్చింది బాయిలర్ సూట్. ఆవిరి యంత్రాల బాయిలర్లలో దూరి మసి గీకే కార్మికులు వేసుకునే, పైనుంచి కింది దాకా ఒకే ముక్కగా కుట్టిన నూలు బట్ట అది. ఇరుకులో పాకేటప్పుడు చొక్కా పైకి లేచి బురద నడుములోకి చొరబడదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటన్‌లో సైన్యం వదిలించుకున్న సామాను చవగ్గా దొరికేది. లోపల పాత ఉన్ని స్వెట్టర్లు, పైన బాయిలర్ సూట్. ఒక తరం గుహాన్వేషకుల యూనిఫారం ఇదే. దాని రూపం నేటికీ నిలిచింది. నూలు గుడ్డ మాత్రం నిలవలేదు. నూలు నీటిని పీల్చుకుంటుంది, ఒంటి వేడిని లాగేస్తుంది, బురద పట్టాక కాళ్లకు గుండు కట్టినట్టు వేలాడుతుంది.

గుహలు లోతయ్యేకొద్దీ ఈ లోపం ప్రాణం మీదికి వచ్చింది. ఫ్రాన్సులో పియర్ షెవాలియే బృందం 1947 నాటికి దాన్ ద క్రోల్ గుహలో 658 మీటర్లకు చేరింది. అప్పటికి అదే ప్రపంచ రికార్డు. గ్రెనోబుల్ దగ్గరి గూఫ్ర బెర్జే 1956లో 1,122 మీటర్ల దాకా దిగనిచ్చింది. వెయ్యి మీటర్లు దాటిన తొలి గుహ అదే. అంత లోతుకు పోయేవాళ్లు రోజుల తరబడి లోపలే తిని, లోపలే పడుకోవాలి. తడి ఉన్నితో ఒక పూట నెగ్గుకురావచ్చు, వారం కష్టం.

జవాబు సముద్రం వైపునుంచి వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని భౌతికశాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ 1952లో నియోప్రీన్‌తో వెట్‌సూట్ రూపొందించాడు. సన్నటి బుడగలు నిండిన ఆ రబ్బరే చలిని అడ్డుకుంటుంది కాబట్టి, ఒంటికీ సూట్‌కీ మధ్య కాస్త నీరు చేరినా ఫరవాలేదన్నది ఆయన సూత్రం. 1960ల్లో బ్రిటిష్ గుహాన్వేషకులు దాన్ని ఆత్రంగా అందుకున్నారు. మెడలోతు నీళ్లలో గంటల తరబడి ఉండటం తొలిసారి సాధ్యపడింది. అయితే నియోప్రీన్‌ను సున్నపురాయి ఇట్టే చీలుస్తుంది. అందుకని దాని మీద మళ్లీ బాయిలర్ సూట్ తొడిగారు! పొడి సొరంగాల్లో పాకితే లోపల ఉడికిపోవడం, తాడు దగ్గర వంతు కోసం నిలబడితే వణికిపోవడం, మోకాళ్ల వెనక చర్మం ఒరుసుకుపోవడం మామూలైపోయాయి.

అదే కాలంలో దిగే పద్ధతీ మారింది. నిచ్చెనలు పోయి ఒంటి తాడు వచ్చింది. 1968లో ఫెర్నాన్ పెట్జల్, బ్రూనో డ్రెస్లర్ తాడు మీద ఎక్కే, దిగే పరికరాలు తయారుచేశారు. ఒంటి తాడు మీద ఎక్కేవాడు ప్రతి అడుగుకూ మోకాలు ఛాతీ వైపు ఎత్తాలి. వందల మీటర్లు అలా ఎక్కేవాడికి బిగుతు రబ్బరు సూట్ శత్రువే.

అక్కడే పనులు పంచారు. వేడి నిలిపే పని లోపలి పొరది, నీటినీ రాతినీ ఎదుర్కొనే పని పైపొరది. లోపలి పొరగా నార్వేలో హెల్లీ హాన్సెన్ 1961లో తెచ్చిన బొచ్చు గుడ్డ పనికొచ్చింది. అది నీటిని పీల్చదు, పిండితే చాలు మళ్లీ వెచ్చబడుతుంది. పైపొరకు పీవీసీ దొరికింది. వాల్డో సీమన్ 1926లో మెత్తబరిచిన ఈ ప్లాస్టిక్‌ను పాలియెస్టర్ మీద పూస్తే లారీల మీద కప్పే టార్పాలిన్ అవుతుంది. దాన్నే కత్తిరించి సూట్‌గా చేశారు. సూది రంధ్రాల్లోంచి నీరు కారుతుందని అతుకులను కుట్టకుండా వేడితో కరిగించి అతికించారు. నీళ్లున్న చలి గుహలకు ఇది భేషుగ్గా నప్పింది. పొడి గుహల్లో మాత్రం వేసుకున్నవాడి చెమటే వాడిని తడిపేస్తుంది.

పొడి గుహలకు కార్డూరా వచ్చింది. డ్యుపాంట్ కంపెనీ పేరుతో పుట్టిన ఈ నైలాన్ గుడ్డను డెనియర్లలో కొలుస్తారు. ధర్మవరం, పోచంపల్లి పట్టు నేతగాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. వెయ్యి డెనియర్ల కార్డూరాలో అంత దారం కిలో తూగుతుంది. ఒరిపిడికి గట్టిది, కాస్త గాలి ఆడుతుంది, చిరిగితే ఇంట్లోనే కుట్టుకోవచ్చు. నీటిని ఆపడంలో పీవీసీ ముందు దిగదుడుపే.

గుడ్డ ఎంత మంచిదైనా కత్తిరింపు చెడితే సూట్ దండగ. ముందు చిరిగేవి మోకాళ్లు, మోచేతులు, కూర్చునే చోటు. అక్కడ రెండు పొరలు వేస్తారు, అతుకు మాత్రం సరిగ్గా అక్కడికి రానివ్వరు. రాయి ముందుగా కొరికేది దారాన్నే. తొడల మధ్య అదనపు ముక్క కుడితేనే కాలు పైకి లేస్తుంది. బయటి జేబు ఇరుకు సందులో రాతికి తగులుకుంటుంది కాబట్టి జేబును ఛాతీ లోపలివైపు పెడతారు. పాంటు అంచు బూటు మీదికి రావాలి, లేకుంటే గులకరాళ్లు లోపలికి చేరతాయి. ముందువైపు మూయడమే తెగని తగాదా. జిప్పు పళ్లలో బంకమట్టి ఇరుక్కుంటే కదలదు. స్విస్ ఇంజనీరు జార్జ్ ద మెస్ట్రాల్ 1955లో పేటెంట్ పొందిన వెల్క్రో బురదలోనూ తెరుచుకుంటుంది, కానీ బురద నిండితే పట్టు సడలుతుంది. రెండూ పెట్టి పైన ఒక గుడ్డ పట్టీ కప్పేవాళ్లున్నారు.

ఇవన్నీ చలిదేశపు లెక్కలు. కర్నూలు సీమలోని బెలుం గుహలను 1982, 83ల్లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం శోధించింది. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహల్లో సందర్శకుల కోసం గాలి యంత్రాలు పెట్టాల్సి వచ్చిందంటే ఉక్క ఎంతో ఊహించవచ్చు. యార్క్‌షైర్ పీవీసీ సూట్ అక్కడ శిక్షే. ఇంకా విపరీతం మెక్సికోలోని నైకా గని. 2000లో బయటపడిన స్ఫటికాల గుహలో వేడి 58 డిగ్రీల దాకా ఉండేది, తేమ 90 శాతం పైన. ఇటలీకి చెందిన లా వెంటా బృందం అందుకోసం టొలొమియా అనే సూట్ తయారుచేయించింది. ఒళ్లంతా చల్లటి గొట్టాలు, వీపున మంచు, నీళ్లు నింపిన దాదాపు 20 కిలోల సంచి. అంతా కలిపి ఇచ్చేది సుమారు అరగంట.

ఇటీవల ఓవర్‌సూట్ మీద నాలుగో పని పడింది. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక గుహలో గబ్బిలాల ముక్కుల మీద తెల్లటి బూజు కనిపించింది. వైట్ నోస్ సిండ్రోమ్ అనే ఆ జబ్బు ఉత్తర అమెరికాలో లక్షల గబ్బిలాలను చంపింది. బూజు విత్తులు బట్టలకు అంటుకుని ఒక గుహ నుంచి మరోదానికి చేరే ప్రమాదం ఉండటంతో, గుహ నుంచి తెచ్చిన సామగ్రిని 55 డిగ్రీల వేడి నీటిలో 20 నిమిషాలు ముంచాలన్న నిబంధన అక్కడ అమల్లోకి వచ్చింది. జబ్బు ఉన్న ప్రాంతంలో వాడిన సూట్‌ను అది లేని ప్రాంతానికి తీసుకుపోకూడదు. రాతికి, చన్నీళ్లకు ఓర్చేలా ఎంచిన జిగురు, పూత ఇప్పుడు ఆ వేడి నీళ్లకూ ఊడకుండా నిలవాలి.