చెంబరంబాక్కం గట్టు మీద కార్తీకం



కార్తీకం దగ్గర పడుతోంది. వనభోజనాలు ఎక్కడ అనే చర్చ మన సంఘంలో ఏటా దసరా మర్నాడే మొదలవుతుంది. ఈసారి మన కుర్రకారు చెంబరంబాక్కం చెరువుగట్టు అన్నారు. పోరూరు దాటితే ఎంతో దూరం లేదు, నీళ్ళు నిండుగా ఉంటాయి, ఫొటోలు బాగా వస్తాయి అన్నారు. పెద్దవాళ్ళలో కొందరం వద్దన్నాం. ఎందుకు వద్దో ఆ సమావేశంలో సరిగ్గా చెప్పలేకపోయాం. సగం మంది అప్పటికే బస్సు బాడుగ లెక్కలో పడ్డారు. అందుకే ఈ పోస్టు. పొడుగైనదే, కాఫీ కలుపుకుని కూర్చోండి.

మద్రాసులో తరతరాలుగా ఉంటున్న మన ఇళ్ళల్లో చెరువును 'ఏరి' అనే అంటాం. తూమును మదగు అంటాం, అలుగును కలింగల్ అంటాం. ఊరికి వెళ్ళి అక్కడి చుట్టాల దగ్గర ఈ మాటలు వాడితే నవ్వుతారు. మాటలు ఏవైనా వస్తువు ఒక్కటే. వాలు నేలకు అడ్డంగా మట్టికట్ట పోసి, వాననీళ్ళు ఆపి, తూము ద్వారా పొలాలకు వదిలి, ఎక్కువైన నీటిని అలుగు మీదుగా పంపేయడం. చెంబరంబాక్కం అలాంటి చెరువే. చోళుల కాలం నాటిదని చెబుతారు. వరి పండించడానికి కట్టిన చెరువు, ఇప్పుడు మన కుళాయిల్లోకి వస్తోంది. నిండు మట్టం 24 అడుగులు. పట్టేది 3,645 మిలియన్ ఘనపుటడుగులు, అంటే మూడున్నర టీఎంసీల పైమాటే.

24 అడుగులంటే మన అపార్ట్‌మెంట్లలో రెండంతస్తుల ఎత్తు. దాన్ని ఆపుతున్నది మట్టి. గట్టు మీద నడుస్తుంటే కొండ మీద నడిచినట్టే ఉంటుంది, అందుకే ఆ సంగతి మరిచిపోతాం. మట్టికట్టకు రెండు గండాలు. ఒకటి, నీళ్ళు పైనుంచి పొర్లడం. రాతికట్ట మీదుగా కాసేపు నీళ్ళు పొర్లినా అది తట్టుకోవచ్చు. మట్టికట్ట మీద పొర్లితే అవతలి వాలును కోసుకుంటూ వెనక్కి వస్తుంది, గంటల్లో గండి పడుతుంది. రెండోది, లోపలినుంచి ఊట. ఎలుక బొరియో, ఎండిపోయిన చెట్టు వేరో, పీతల కన్నమో దారి ఇస్తుంది. ఊట నీరు తేటగా వస్తున్నంతసేపు పరవాలేదు. బురదరంగులో వచ్చిందంటే కట్ట లోపలి మట్టిని మోసుకొస్తోందని అర్థం. 2019 జులైలో మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో తివరే మట్టి ఆనకట్ట తెగినప్పుడు ఒక మంత్రిగారు పీతల వల్ల తెగిందన్నారు. దేశమంతా నవ్వింది. పీతలు కన్నాలు పెట్టడం అబద్ధం కాదు. ఆ కన్నాలు చూసి పూడ్చే మనిషి ఏమయ్యాడని అడగాల్సింది.

ఈ ఎరుక మన పెద్దలకు కొత్తది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువును బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. దాని శాసనం 1369 నాటిది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు మోసే బండ్లు వంద, రెండేళ్ళ పని అని అందులో ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని లెక్క కూడా చెక్కించారు. అంగాల్లో ఒకటి జలశాస్త్రం తెలిసిన పండితుడు. దోషాల్లో ఒకటి కట్టలోంచి నీరు ఊరడం. ఇంకొకటి మమ్మల్ని ఎప్పుడూ ఆపేస్తుంది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండకూడదట. ఆరువందల యాభై ఏళ్ళ కిందటే తెలిసింది చూడండి, నీళ్ళు రెండు ప్రభుత్వాల మధ్య పడితే ఏమవుతుందో!

అయినా మన మద్రాసు నీళ్ళు తాగుతున్నది సరిహద్దు దాటే. 1976లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర తలా 5 టీఎంసీల కృష్ణా నీళ్ళు ఇస్తామన్నాయి. 1983లో తెలుగుగంగ ఒప్పందం అయింది. శ్రీశైలం నుంచి వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా ఆ నీళ్ళు 1996లో మొదటిసారి పూండికి చేరాయి. పూండి నుంచి కాలువలో చెంబరంబాక్కానికి కూడా వస్తాయి. 'మన నీళ్ళే' అని మన ఇళ్ళల్లో అమ్మమ్మలు మురిసిపోయిన రోజులు గుర్తున్నాయి. కండలేరుదీ పెద్ద మట్టికట్టే. అంటే ఈ ఊళ్ళో కుళాయి తిప్పిన ప్రతిసారీ ఒకటికి రెండు మట్టికట్టలను నమ్ముకుంటున్నాం.

ఇక 2015. డిసెంబరు 1, మంగళవారం. కార్తీకమే అది కూడా, ఇంకా పది రోజులు మిగిలి ఉంది. తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్ల వాన, చెంబరంబాక్కంలో 47. నవంబరు వానలకే చెరువు నిండుకుంది. రాత్రికి గేట్ల నుంచి 29,000 క్యూసెక్కులు వదిలారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. ఆ లెక్కన గంటకు వంద మిలియన్ ఘనపుటడుగుల పైన. నిండు చెరువంతా 35 గంటల్లో ఖాళీ అయ్యే వేగం. అది అడయారులో పడింది. తాంబరం, ముడిచ్చూరు వైపు చెరువులన్నీ పొర్లి అందులోనే కలిశాయి. సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట, కోట్టూరుపురంలో అర్ధరాత్రి ఇళ్ళల్లోకి నీళ్ళు వచ్చాయి. మన సభ్యుల ఇళ్ళే ఎన్నో. పెళ్ళి ఆల్బములు, పిల్లల సర్టిఫికెట్లు, తాతల నాటి దస్తావేజులు బురదలో కలిసిపోయాయి. మేడమీద రెండు రాత్రులు గడిపినవాళ్ళు ఈ పోస్టు చదువుతున్నారు, వాళ్ళకు మేం చెప్పాల్సింది లేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ రోజు చెరువు తెగలేదు. కట్ట నిలబడింది. తెగి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి కూడా ధైర్యం చాలదు. గేట్లు ఎప్పుడు ఎత్తారు, ఎంత ఎత్తారు, ముందే కొంచెం కొంచెంగా వదలాల్సిందా అన్నదే గొడవ. తర్వాత కాగ్ నివేదిక నీటి విడుదల తీరును తప్పుపట్టింది. వందేళ్ళకోసారి పడే వాన అని ప్రభుత్వం అంది. మాకు తోచింది చెబుతాం. చెరువు ఖాళీగా ఉంచితే వేసవిలో తిడతాం. నిండుగా ఉంచితే వానాకాలంలో మునుగుతాం. 2019 జూన్‌లో ఇదే చెరువు అడుగు పగుళ్ళిచ్చి ఎండింది, రైళ్ళలో నీళ్ళు తెచ్చుకున్నాం. గేటు దగ్గర కూర్చున్న ఇంజనీరు మనసులో ఈ రెండు భయాలూ ఉంటాయి. 2020లో నివర్ తుఫాను అప్పుడు మాత్రం మట్టం 22 అడుగులకు రాగానే, నవంబరు 25 మధ్యాహ్నమే వెయ్యి క్యూసెక్కులతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ పోయారు. నేర్చుకున్నారనే అనుకుంటున్నాం.

మరుసటి ఏడు 2021 నవంబరు 19న కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పైన పింఛా కట్ట తెగి ఆ వరద చెయ్యేరులో మీద పడింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. అది కార్తీక పౌర్ణమి తెల్లవారుజాము.

తేదీలు చూశారు కదా. మనకు వనభోజనాల నెల, ఈశాన్య రుతుపవనాల నెల ఒక్కటే. కట్ట మీద బరువు అత్యధికంగా ఉండే రోజుల్లోనే మనకు కట్ట ఎక్కాలని సరదా పుడుతుంది. గేట్లు ఎత్తారని టీవీలో రాగానే బండ్లేసుకుని సెల్ఫీలకు పోయేవాళ్ళు ఎంతమందో. పోలీసులు తరుముతుంటే కోపం కూడాను.

మేమేదో బుద్ధిమంతులమని ఈ మాట అనడం లేదు. చాలా ఏళ్ళ కిందట మేం కొన్ని కుటుంబాలం కలిసి ఇదే గట్టుకు వెళ్ళాం. పులిహోర ఇంట్లో కలిపి తెచ్చాం కానీ, వేడి వేడిగా బజ్జీలు వేద్దామని సరదా. పొయ్యికి రాళ్ళు కావాలి. నీళ్ళ వైపు గట్టు వాలుకు పరిచిన రాళ్ళు ఉన్నాయి కదా, కాస్త కదులుతున్నవి మూడు లాగేశాం. అప్పుడు వచ్చాడు లస్కరు, అదే, చెరువు కాపలా మనిషి. ఖాకీ చొక్కా, చేతిలో గొడుగు. తమిళంలో అన్నాడు: "సార్, అలలు కొట్టేది ఆ రాళ్ళకే. మీరు ఒకటి తీస్తే పక్కది జారుతుంది. ఈ రాత్రి గాలి లేస్తే లోపలి మట్టి కరుగుతుంది. మీకు బజ్జీ, నాకు రాత్రంతా కాపలా." మేం కిక్కురుమనలేదు. రాళ్ళు తెచ్చి ఇస్తే తనే వంగి ఒక్కొక్కటి సందు లేకుండా ఇరికించాడు. బజ్జీలు పెడితే రెండే తీసుకున్నాడు. తర్వాత మమ్మల్ని గట్టు కిందికి తీసుకెళ్ళి ఊట ఎక్కడ చూడాలో చూపించాడు. పొద్దున్నే గడ్డి మీద మంచు ఆరాక కూడా తడిగా ఉన్న చోటు చూడాలట. పైన చెప్పిన తేట నీళ్ళు, బురద నీళ్ళ సంగతి పుస్తకంలో చదివింది కాదు, ఆయన చెప్పిందే.

అందుకని మా మాట ఇది. వనభోజనం ఈసారి కూడా మన సభ్యుల తోటలోనే పెట్టుకుందాం. ఉసిరి చెట్టుంది, వాన వస్తే షెడ్డు ఉంది. చెంబరంబాక్కానికి మాఘంలో, రథసప్తమి దాటాక ఒక ఆదివారం వెళదాం. వానలు పోయి ఉంటాయి, నీళ్ళు ఇంకా ఉంటాయి, కొంగలూ ఉంటాయి. అనుమతి అడిగే పని మేం చూసుకుంటాం. ఇంట్లో వండుకుని తీసుకెళదాం, పొయ్యి వద్దు. పిల్లలకు అయిదు గేట్ల మదగు, పంతొమ్మిది గేట్ల మదగు రెండూ చూపిద్దాం. గట్టు కింద తడి ఉందో లేదో వాళ్ళనే వెతకమందాం.

వచ్చేవాళ్ళు కింద పేర్లు రాయండి. బస్సుకు ఇప్పుడే చెప్పాలి.