పన్నెండు చొక్కాలూ, ఒక ఎర్ర ముక్కా

పోయినేడు మా చిన్నవాడి బడిలో ఆటల పోటీలకి ముందు, జట్టు పిల్లల చొక్కాలకి బ్యాడ్జీలు కుట్టించే పని నేను నెత్తిన వేసుకున్నాను. పన్నెండు మంది పిల్లలు, పన్నెండు తెల్లచొక్కాలు. "నవలలు రాసుకునేదానివి, నీకెందుకీ పెత్తనం?" అని మా వారు అననే అన్నారు. వింటేనా! రంగూ రూపూ తెలిసినదాన్ని, నాకంటే బాగా ఎవరు కుట్టిస్తారులే అనుకున్నాను. బజారుకి వెళ్ళి దానిమ్మగింజలా మెరిసే ఎర్రటి ఫెల్టుగుడ్డ తెచ్చాను. దాని మీద పసుపుపచ్చ సిల్కుదారంతో రెక్కలు చాచిన గద్ద. మా వీధి చివర మిషన్ ఎంబ్రాయిడరీ చేసే సాయెబుగారు ఆ గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూశారు.

"అమ్మగారూ, ఇది గోడకి తగిలించుకునే గుడ్డ. పిల్లల ఒంటిమీదికి పనికిరాదు" అన్నారు.

"ఫరవాలేదు, కుట్టండి" అన్నాను.

బ్యాడ్జీలు బొమ్మల్లా వచ్చాయి. పోటీల రోజున అందరూ మెచ్చుకున్నారు. ఆ రాత్రి పన్నెండు ఇళ్ళలోనూ చొక్కాలు నీళ్ళలో పడ్డాయి. తెల్లవారేసరికి ఫోన్లు మొదలు! ప్రతి చొక్కాకీ సరిగ్గా గుండె మీద గులాబిరంగు మరక. ఒకావిడైతే, "చీకట్లో చూసి మా వాడికి దెబ్బ తగిలిందేమోనని హడలిపోయానండీ" అంది. పన్నెండు చొక్కాల ఖరీదూ ఇచ్చుకున్నాను. అప్పుడు వెళ్ళాను మళ్ళీ సాయెబుగారి దగ్గరికి, తల వంచుకుని.

ఆయన నవ్వలేదు. "బ్యాడ్జీకి నాలుగు చూసుకోవాలమ్మా. గుడ్డ, దారం, వెనక బక్రం, చుట్టూ అంచు. ఈ నాలుగింటికంటే ముందు అది ఎక్కడ బతకాలో అడగాలి. ఎండలోనా, చెమటలోనా, చాకిరేవులోనా? రంగు మాట ఆ తర్వాత" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. సిగ్గుపడ్డవాళ్ళకి గ్రంథాలయాన్ని మించిన చోటు లేదు కదా! వెళ్ళి కూర్చుని, ఈ గుడ్డముక్కల పుట్టుపూర్వోత్తరాలు వెతకడం మొదలుపెట్టాను. మనం చొక్కా మీద అరచేతిలో సగం కూడా లేని ముక్కని చూసి, చూడముచ్చటగా వుందనుకుని వదిలేస్తాం. దాని వెనక ఎన్ని ప్రాణాల కథ వుందో చదివాక నా పన్నెండు చొక్కాల బాధ చాలా చిన్నదైపోయింది.

మొదట గుడ్డ సంగతి. 1862లో అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం జరుగుతోంది. ఉత్తరాది సైన్యంలో ఫిలిప్ కెర్నీ అని ఒక సేనాని. అంతకుముందు మెక్సికో యుద్ధంలో ఎడమచెయ్యి పోగొట్టుకున్నవాడు. ఒకరోజు దారి పక్కన ఊరికే కూర్చున్న కొందరు అధికారుల్ని చూసి, తనవాళ్ళే అనుకుని చెడామడా తిట్టాడట. అంతా విన్నాక వాళ్ళు, "అయ్యా, మేము మీ దళం వాళ్ళం కాము" అన్నారట. నాలిక్కరుచుకున్న కెర్నీ, ఇకమీదట తన అధికారులంతా టోపీకి ఎర్రగుడ్డ ముక్క కుట్టుకోవాలని ఆజ్ఞ వేశాడు. ఎర్రగుడ్డ ఎక్కడిది? తన ఎర్ర కంబళీనే కత్తిరించమని ఇచ్చాడని చెబుతారు. ఆయన చూసుకున్నదల్లా దూరానికి కనిపించే రంగూ, వానకి తట్టుకునే ఉన్నీ. ఆ ఏడు సెప్టెంబరు 1న ఆయన యుద్ధంలో పోయాడు. ఆ ఎర్రముక్కని మాత్రం ఆయన సైనికులు వదల్లేదు. మరుసటేడు ఆ సైన్యంలో ఒక్కొక్క దళానికీ ఒక్కొక్క గుడ్డ గుర్తు వచ్చింది.

అవన్నీ కత్తిరించి చేత్తో కుట్టినవే. లక్షలమందికి ఒకేలాంటి గుర్తు కావాలంటే చేతులు చాలవు. అందుకు యంత్రం కావాలి. ఆ యంత్రం యుద్ధాల కోసం పుట్టింది కాదు, ఆడవాళ్ళ లేసుల కోసం పుట్టింది. బట్టలకొట్లో 'స్విస్ ఎంబ్రాయిడరీ' అన్నమాట వినబడితే చాలు, మనం చెయ్యి చాస్తాం. ఆ స్విస్ ఊరి పేరు సెయింట్ గాలెన్.

1828లో మ్యూల్‌హౌస్ అనే ఊళ్ళో జోషువా హైల్మన్ కుట్టుపని చేసే యంత్రం ఒకటి తయారుచేశాడు. దానికి వందల సూదులు. ఒక్కొక్క సూదికీ రెండు మొనలు, బెజ్జం నడుమున. పనివాడు ఎడమచేత్తో పెద్దదిగా గీసిన బొమ్మ గీతల వెంట ముల్లు జరుపుతూ, కుడిచేత్తో చక్రం తిప్పితే, సూదులన్నీ ఒక్కసారే గుడ్డలోకి దిగి అవతలికి వెళ్ళి మళ్ళీ వచ్చేవి. చిక్కల్లా దారంతోనే. సూదితోపాటు దారమంతా అటూ ఇటూ సాగిపోవాలి గనక, ఒక్కొక్క దారం గజం పొడవుకి మించి వుండటానికి వీల్లేదు. అది అయిపోగానే వందల సూదులకీ మళ్ళీ ఎక్కించాలి.

ఎవరెక్కించాలి? చిన్న బెజ్జానికి చిన్న వేళ్ళు, చిన్న కళ్ళు కావాలి. 1877లో స్విట్జర్లాండులో పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలు ఫ్యాక్టరీలో పనిచెయ్యకూడదని చట్టం వచ్చింది. చట్టం ఫ్యాక్టరీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. యంత్రాలు ఇళ్ళలోకి వచ్చాయి. నాన్న చక్రం తిప్పుతుంటే, పిల్లలు బడికి వెళ్ళేముందు తెల్లవారుజామునా, బడినించి వచ్చాక పొద్దుపోయేదాకానూ దీపం ముందు కూర్చుని దారాలెక్కించేవాళ్ళు. పారిస్‌లో, లండన్‌లో దొరసానుల గౌన్ల అంచున మెరిసిన పువ్వుల్లో ఎన్ని ఆ పసివాళ్ళ నిద్రలోంచి తీసినవో!

ఆ చిక్కుకి విరుగుడు 1863లోనే దొరికింది గాని, అది ఊరంతా పాకడానికి ఏళ్ళు పట్టింది. ఇజాక్ గ్రోబ్లీ అనే స్విస్ ఆయన, మన కుట్టుమిషన్ని చూసే ఉపాయం పన్నాడు. ముందువైపు దారం కండె నించి ఆగకుండా వస్తుంది. వెనకవైపు చిన్న పడవలాంటి నాడె దాన్ని పట్టి ముడివేస్తుంది. వాళ్ళ భాషలో చిన్న పడవని 'షిఫ్లీ' అంటారు. యంత్రానికి ఆ పేరే నిలిచిపోయింది. గజానికోసారి దారం ఎక్కించే బాధ తప్పింది. ఆయన కొడుకు 1898లో, చిల్లులు పొడిచిన కాగితాన్ని చూసి తనంతట తానే కుట్టే యంత్రాన్ని చేశాడు. ఇవాళ మన సందుల్లో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ అని బోర్డు పెట్టినవన్నీ ఆ వంశంలోవే.

ఇక దారం మెరుపు మాట. నేను మురిసిపోయి కొన్న సిల్కుదారం సిల్కే కాదని సాయెబుగారు చెప్పాక గాని తెలియలేదు. అది రేయాన్. పట్టుపురుగు లేకుండా పట్టు తియ్యాలని ఫ్రాన్సులో షార్డొనే అనే ఆయన ఏళ్ళ తరబడి తంటాలుపడి, 1889 పారిస్ ప్రదర్శనలో తన కృత్రిమ పట్టుని చూపించాడు. మెరుపు అద్భుతం. అయితే పత్తిమందు అనే పేలుడు పదార్థానికి అది దగ్గరి చుట్టం. నిప్పురవ్వ తగిలితే భగ్గుమనేది! ఆ తర్వాత వేరే పద్ధతిలో ప్రమాదం లేని కృత్రిమ పట్టు వచ్చింది. 1924లో అమెరికాలో దానికి రేయాన్ అని పేరు పెట్టారు. మెత్తన, మెరుపు, బొమ్మకి నిండుదనం అన్నీ దాని సొత్తు. తడిస్తే మాత్రం బలం తగ్గుతుంది, బ్లీచింగ్ పౌడరంటే భయం. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు పాలియెస్టర్ కనిపెట్టారు. మన పెద్దవాళ్ళు టెరిలిన్ అని ముచ్చటపడి తొడుక్కున్నది అదే. అది చాకిరేవుకి జడవదు, ఎండకి అంత త్వరగా వెలవదు. అందుకే రోజూ ఉతికే యూనిఫారానికి పాలియెస్టర్ దారం, పండగనాటి జాకెట్టుకి రేయాన్ అంటారు సాయెబుగారు.

చుట్టూ అంచుదీ అలాంటి కథే. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో మెర్రో కుటుంబం వాళ్ళకి అల్లికబట్టల మిల్లు వుండేది. పోగులు వూడిపోకుండా అంచుల్ని చుట్టి కుట్టడానికి తమ కోసమే 19వ శతాబ్దం చివర ఒక మిషన్ తయారుచేసుకున్నారు. ఇవాళ బ్యాడ్జీల చుట్టూ తాడులా లావుగా కనిపించే కుట్టుని ఇప్పటికీ మెర్రో అంచు అనే అంటారు.

రంగు కూడా ప్రాణం మీదికి తెస్తుందని వియత్నాం యుద్ధంలో తెలిసింది. సైనికుల భుజాల మీద ఎరుపూ, పసుపూ, తెలుపూ ధగధగలాడుతున్న బ్యాడ్జీలు పచ్చని అడవిలో శత్రువుకి గురి చూపించేవి. అందుకని 1960ల చివర, అవే బొమ్మల్ని ఆలివ్ ఆకుపచ్చ మీద నల్లదారంతో కుట్టారు. కెర్నీ దూరానికి కనబడాలని వెతికిన రంగుని, వందేళ్ళ తర్వాత కనబడకూడదని తీసేశారు!

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం ఆకాశంలోకి వెళ్ళిన బ్యాడ్జీల కథ. 1965 ఆగస్టులో జెమిని-5లో వెళ్ళిన గోర్డన్ కూపర్, పీట్ కన్రాడ్‌లు తమ యాత్రకంటూ ఒక గుర్తు కావాలన్నారు. పాతకాలపు గూడుబండి బొమ్మ వేసి, ఎనిమిది రోజులు వుండి తీరతాం అనే అర్థం వచ్చే మాట రాయించుకున్నారు. మధ్యలో తిరిగొస్తే నవ్వులపాలౌతామని పైవాళ్ళు జంకారు. చివరికి రాజీ కుదిరింది. ఆ మాట మీద చిన్న నైలాన్ ముక్క అతికించి పంపారు. పని పూర్తయ్యాకే విప్పాలి. మన ఇళ్ళలో మొక్కు తీరేదాకా ముడుపు విప్పం చూడండి, అలాగన్నమాట. అప్పటినించి ప్రతి యాత్రకీ ఒక బ్యాడ్జీ ఆనవాయితీ అయింది.

1967 జనవరి 27న అపోలో నౌకని నేలమీదే పరీక్షిస్తున్నారు. లోపల గ్రిసమ్, వైట్, చాఫీ. గదినిండా స్వచ్ఛమైన ఆక్సిజన్. ఎక్కడో రవ్వ రేగింది. నైలాన్ వలలూ, పట్టీలూ అన్నీ అంటుకున్నాయి. తలుపు తీసేలోగా ముగ్గురూ పోయారు. ఆ తర్వాత నౌకలోకి వెళ్ళే ప్రతి పోగునీ, ఇది మండుతుందా అని అడిగారు. బీటా గుడ్డ వచ్చింది. గాజుపోగుల్ని నేసి టెఫ్లాన్ పూసిన గుడ్డ. అది మండదు. 650 డిగ్రీల సెల్సియస్ దాటితే గాని కరగదు. వ్యోమగాముల సూట్ల మీద బ్యాడ్జీని కూడా ఆ గుడ్డ మీదే అచ్చువేశారు. దారంతో కుట్టలేదు. 1969లో చంద్రుడి మీద దిగిన అపోలో-11 వాళ్ళ గుండెల మీది గద్ద అచ్చుబొమ్మే.

అక్కడ నేను పుస్తకం మూశాను. పిల్లల కళ్ళు ధారపోసి, వందేళ్ళపాటు సానపట్టిన విద్యని, మనిషి వెళ్ళిన అన్నింటికంటే గొప్ప ప్రయాణంలో పక్కన పెట్టేశారు. అదే సరైన ఎంపిక. సాయెబుగారి మొదటి ప్రశ్న అదేగా, ఎక్కడ బతకాలి అని!

ఈ ఏడు మళ్ళీ పోటీలొచ్చాయి. బడివాళ్ళు మొహమాటపడుతూనే నన్నడిగారు. ఈసారి గుడ్డ నేను ఎంచలేదు. సాయెబుగారే గట్టి నేత ట్విల్ గుడ్డా, పాలియెస్టర్ దారమూ తీశారు. నేను మాత్రం గుడ్డలోంచి జానెడు ముక్క అడిగి ఇంటికి తెచ్చాను. సబ్బునీళ్ళలో ఒక తెల్ల పాతగుడ్డతో కలిపి రాత్రంతా నానబెట్టాను. మీరూ ఏ రంగుగుడ్డ కొన్నా ఇంతపని చెయ్యండి, ఫోన్లు రావు.

పొద్దున్నే లేచి బకెట్లోంచి ఆ తెల్లగుడ్డ తీసి కిటికీ దగ్గర వెలుగులో పట్టుకుని చూస్తుంటే, మా వారు కాఫీగ్లాసుతో వచ్చి నిలబడ్డారు.

"ఏమైంది?" అన్నారు.

"తెల్లగానే వుంది" అన్నాను.

ఒక నవల పూర్తయినప్పుడు కూడా ఆ మాట అంత ధీమాగా అని వుండను.